తిరియాక్ ముఖం మీద పదకొండు గీతలు

మా మంచుసీమకి దక్షిణాదిన, తెల్లవాళ్ల పట్నాల్లో ఏ బ్యాంకు గోడ మీదో, ఏ డాక్టరు గదిలోనో మా ఊరి అచ్చుబొమ్మ ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆడమనిషి ముఖం. రెండు పక్కలా జడలు, చుట్టూ తోలు అంగీ టోపీ అంచు, మధ్యలో నున్నటి తెల్లటి ముఖం. చూసినవాళ్లు అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో అంటారట. ప్రశాంతమా, నా మొహమా! ఆ ముఖం మీద పదకొండు గీతలుండాలి. ఒక్కటీ లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. ఆ బొమ్మ చెక్కిన రాయికి సిరా పూసి, కాగితం పరిచి, అచ్చు తీసింది నేనే.

ఆ ముఖం మా నాయనమ్మ తిరియాక్‌ది. గీసింది ఆవిడ కూతురు, మా మేనత్త ఉక్పిక్. ఈ కథ అత్తది. ఇందులో నా పాపం కూడా కొంత ఉంది, దాని దగ్గరికి వచ్చినప్పుడు దాచకుండా చెబుతాను.

అత్త పొట్టి మనిషి, నోరు మాత్రం పెద్దది. మా ఇంటికొస్తే ముందు నన్ను కాదు, పొయ్యి మీద కుండని పలకరించేది. సీల్ మాంసం ఉడుకుతుంటే కాళ్లు చాపుకుని కూచునేది. డబ్బా కూర కనిపిస్తే, మీరు తినండమ్మా, నాకింకా రోగాలేం రాలేదు అని వెళ్లిపోయేది. మా ఆయన కనిపిస్తే ఇక ఆటలే. ఓసారి లావుపాటి వాల్రస్‌ని గీసి దాని నెత్తిన మా ఆయన ఎర్ర ఊలు టోపీ పెట్టింది. దాన్ని అచ్చు షాపులో అందరికీ చూపించి, మా అల్లుడు ఈ చలికాలం బాగా ఒళ్లు చేశాడని మురిసిపోయింది. మా ఆయన వారం రోజులు ఆ టోపీ ముట్టుకోలేదు, చెవులు గడ్డకట్టినా సరే.

నవ్వే మనిషే గానీ సుఖపడిన మనిషి కాదు. మొగుడు వసంతంలో పలచబడిన మంచు మీదికి బండి తోలి, కుక్కలతో సహా సముద్రంలోకి పోయాడు. పుట్టిన పిల్లలిద్దరూ ఒకే నెలలో తట్టు వచ్చి పోయారు. తోలు గుడారాలూ మంచు ఇళ్లూ వదిలి అందరం ఈ చెక్క ఇళ్లల్లోకి వచ్చిపడ్డాక, చేతులకి పని పోయి నోటికి పని పెరిగిందని తనే అనేది. అప్పుడే ఊళ్లో సహకార సంఘం వాళ్లు అచ్చు షాపు పెట్టి, అడిగిన వాళ్లందరికీ కాగితాలూ పెన్సిళ్లూ ఇస్తున్నారు. అత్తకి యాభై అయిదేళ్లు. జన్మలో పెన్సిలు పట్టలేదు. మొదటిరోజు కాగితాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఇంత పలచటి తోలుతో ఏం కుడతార్రా అని అడిగింది.

గీయడం మొదలుపెట్టాక మాత్రం ఆపేవాళ్లు లేకపోయారు. బట్ట కత్తిరించినట్టే గీసేది. కొలత లేదు, చెరపడం లేదు. మనిషిని ఎప్పుడూ తోలు జోళ్ల దగ్గర మొదలుపెట్టేది, కాళ్లు లేకుండా ఎలా నిలబడతాడు అని. కాగితం తిప్పుకుంటూ నాలుగు వైపుల నించీ గీసేది. అందుకే ఆవిడ బొమ్మల్లో వేటగాడు ఇటు నిలబడితే కుక్కలు తలకిందులుగా పరిగెత్తుతుంటాయి. తోలు గీకే ఆడవాళ్లు, దీపం వత్తి సర్దుకునే ముసలమ్మ, బాతుగుడ్లు ఏరే పిల్లలు, గుడారం తాడు కొరికేసి ఏమీ ఎరగనట్టు పడుకున్న కుక్క. అన్నీ గీసింది. వాళ్లమ్మని మాత్రం గీయలేదు. ఎందుకత్తా అంటే ఇంకా చెయ్యి కుదరలేదే అనేది. పదిహేనేళ్లు కుదరలేదు.

నాయనమ్మ పోయిన తీరు మా వైపు చాలామంది పోయిన తీరే. వేసవిలో ఆస్పత్రి ఓడ వచ్చింది. అందరినీ ఎక్కించి ఛాతీకి ఫోటోలు తీశారు. ఊపిరితిత్తుల్లో మచ్చ కనబడినవాళ్లని మళ్లీ దిగనివ్వలేదు. ఒడ్డున అత్త దుప్పటి మూట పట్టుకుని నిలబడింది, పైన కమ్మీల దగ్గర నాయనమ్మ నిలబడింది. అంతే, అదే ఆఖరు. మరుసటి వసంతంలో దుకాణం రేడియోకి కబురొచ్చింది, చలికాలం మొదట్లోనే పోయిందని. ఎక్కడ పూడ్చారో వాళ్లు చెప్పలేదు, అడగడం మావాళ్లకి చేతకాలేదు. ముఖానిది ఒక్క ఫోటో లేదు. ఛాతీ ఫోటో మాత్రం ఏ ఆఫీసు బీరువాలోనో ఉండే ఉంటుంది.

ఆ కబురొచ్చిన వారానికే పక్క గుడారంలో మగపిల్లాడు పుట్టాడు. అత్త పరిగెత్తుకెళ్లి వాడికి తిరియాక్ పేరు పెట్టింది. తరవాత పాదిరి వచ్చి మలాకీ అని ఇంకో పేరు పుస్తకంలో రాసుకున్నాడు, అది వేరే సంగతి. మాలో పోయిన మనిషి పేరు పెడితే ఆ మనిషి తిరిగొచ్చినట్టే. ఆడా మగా అన్న పట్టింపు లేదు. ఆ రోజు నించీ అత్త వాణ్ణి అమ్మా అనే పిలిచింది. మాటలొచ్చాక వాడు అత్తని అమ్మాయ్ అన్నాడు. మూడేళ్ల వెధవ గుడారం మధ్యలో నిలబడి, అమ్మాయ్, దాహం అంటే, నలభై మూడేళ్ల ఆడది చేతిలో పని పారేసి లేచేది.

అలాంటి పిల్లల్ని కసరకూడదు. కసిరితే పేరు అలిగి వెళ్లిపోతుందని, పిల్లాడికి ముప్పని భయం. ఊళ్లో పిల్లలందరం తిట్లు తిని పెరిగాం, వాడు తప్ప. నాయనమ్మ రాతి దీపం, ఎన్ని వలసల్లోనో మోసుకొచ్చింది, వాడు బండకేసి కొట్టి రెండు ముక్కలు చేస్తే అత్త నవ్వి, ఆవిడ దీపం ఆవిడిష్టం అంది. నాకు ఒళ్లు మండిపోయేది. వాడు నాకన్నా రెండేళ్లే పెద్ద, కానీ పేరు వల్ల నాకు నాయనమ్మ. నా వంతు సీల్ కాలేయం ముక్క కావాలని చేయి చాపేవాడు. నేను ఇవ్వకపోతే, పెద్దావిడ అడిగితే కాదంటావుటే అని అత్త నన్నే మందలించేది. వాడు ఆ ముక్క నా కళ్ల ముందే నములుతూ, మనవరాలా, పోయి మంచు తేవే, టీ కాయాలి అనేవాడు. తెచ్చేదాన్ని, ఏం చేస్తాను.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. వాడి చెయ్యి మంచిది. పెద్దయ్యాక మా షాపులో రాయి చెక్కేవాళ్లలో వాణ్ణి మించినవాడు లేడు. గీసేవాళ్లు గీసి వెళ్లిపోతారు. ఆ బొమ్మని చదును చేసిన రాయి మీదికి దింపి, సిరా అంటాల్సిన చోటు మిట్టగా ఉంచి, మిగతాదంతా లోతుకి చెక్కెయ్యాలి. ఒక వెంట్రుకంత గీత కావాలంటే రాతిలో ఒక వెంట్రుకంత గట్టు నిలబెట్టాలి. ఉలి కొంచెం పక్కకి జారితే గట్టు రాలిపోతుంది. మలాకీ చేతిలో రాలేది కాదు. పక్షి ఈకలు కూడా ఒక్కొక్కటే నిలబెట్టేవాడు. అత్త బొమ్మలన్నీ వాడే చెక్కేవాడు. బొమ్మ కింద గీసినవాళ్ల గుర్తు పక్కనే చెక్కినవాడి గుర్తు కూడా పడుతుంది. ఆ రెండు గుర్తులూ పక్కపక్కన చూసుకుని, చూడవే, నేనూ మా అమ్మా అని నాకు చూపించి మురిసిపోయేది.

మలాకీకి ముప్ఫై వచ్చేసరికి చర్చి పట్టుకుంది. గొంతు బాగుంటుంది కదా, ఆదివారాలు బైబిలు చదివేవాడు. దక్షిణాది నించి పెద్దపాదిరి ఉత్తరం రాశాడు. వచ్చే వసంతంలో వస్తాడట, వచ్చి చూసి, అంతా బాగుంటే మలాకీని చదువుకి పంపిస్తాడట, తిరిగొస్తే మా ఊరికి మా మనిషే పాదిరి. ఊరంతా సంబరపడింది. అత్తయితే చెప్పక్కర్లేదు. మా అమ్మ పాదిరి అవుతోందని దుకాణంలో, నర్సు దగ్గర, కుక్కలకి తిండి వేస్తూ కుక్కలకి కూడా చెప్పింది.

ఆ ఏడే అత్త కళ్లకి పొరలు కమ్మడం మొదలైంది. సూదిలో దారం నేనే ఎక్కించాల్సి వచ్చేది. ఒకరోజు షాపుకొచ్చి, ఇంక చెయ్యి కుదిరేదాకా ఆగితే కన్ను పోతుంది, అమ్మని గీసేస్తాను అంది. చలికాలమంతా అదొక్క బొమ్మే గీసింది. కిటికీలో వెలుగు ఉండేది పగలు రెండు గంటలే, ఆ రెండు గంటలూ ముక్కు కాగితానికి ఆనించి కూచునేది. మొదటిసారి ఆవిడ జోళ్లు లేకుండా గీసింది. వట్టి ముఖమే.

ఆ ముఖం మీద పచ్చబొట్లు. మా పాతకాలపు ఆడవాళ్లకి అవి పొడిచినవి కావు, కుట్టినవి. కారిబూ జింక నరాన్ని సన్నటి దారంగా చీల్చి, దీపం మసిలో ముంచి, సూదితో చర్మం కింద నించి లాగుతారు. ముఖం మూడు రోజులు వాచిపోతుంది. నాయనమ్మకి నుదుటి మీద రెండు, ముక్కు పైన కలుస్తాయి. చెంపకి రెండేసి. గడ్డం మీద అయిదు. కుట్టించుకోని ఆడది పోయాక, ఆ లోకంలో తల వేలాడేసుకుని ఆకలితో కూచుంటుందని, కుట్టించుకున్నవాళ్లే తల ఎత్తుకుని తిరుగుతారని పాతవాళ్ల మాట. పాదిరులొచ్చాక ఆ పని ఆగిపోయింది. అత్త ముఖం మీద ఒక్కటీ లేదు. నా సంగతి సరే, నేను తల వంచుకునే కూచుంటాను, అమ్మ కూచోకూడదు అనేది. పూడ్చిన చోటు తెలీదు, ఫోటో లేదు, ఆ గీతలు ఎలా ఉంటాయో గుర్తున్న మనిషి ఊరు మొత్తానికి అత్త ఒక్కతే. ఆ కాగితం మీద ఉంటేనే ఉన్నట్టు.

బొమ్మ అయ్యాక మా షాపు చూసే తెల్లాయన, మేం గడ్డమాయన అంటాం, మంచివాడే, ఒక సలహా చెప్పాడు. దీన్ని పలచటి కాగితం మీదికి నకలు దింపుదాం, నకలు రాయికి అంటిద్దాం, అసలుది దాచిపెడదాం అన్నాడు. అందరి బొమ్మలకీ అప్పటికే అలాగే చేస్తున్నాం. అసలు కాగితం అంటిస్తే చెక్కుతుంటే అదీ చిరిగి పొడైపోతుంది మరి. నేను ఆయన మాట మా భాషలో అత్తకి చెప్పాను. అత్త నవ్వింది. నకలు ఎందుకు, ఇది వెళ్లేది ఎవరి చేతుల్లోకి, మా అమ్మ చేతుల్లోకే కదా, తన ముఖం తను పోగొట్టుకుంటుందా అంది. కాగితాన్ని తనే తీసుకెళ్లి మలాకీ చేతుల్లో పెట్టింది. జాగ్రత్త అని కూడా అనలేదు. అమ్మకి జాగ్రత్త చెప్పే కూతురెక్కడన్నా ఉంటుందా. ఆ రోజు నేను గట్టిగా పట్టుబట్టాల్సింది. పట్టుబట్టలేదు.

మలాకీ పన్నెండు రోజులు చెక్కాడు. శుక్రవారం సాయంత్రం నేను రాయి చూశాను. ఏం చెప్పను, నాకు ఏడుపొచ్చింది. నేనెప్పుడూ చూడని నాయనమ్మ అక్కడుంది. పదకొండు గట్లూ నిలబడి ఉన్నాయి, ఒక్కటీ చెదరకుండా. సోమవారం సిరా కలుపుకుని వచ్చేసరికి ముఖం బోడిగా ఉంది.

ఇదేమిటని అడిగాను. మలాకీ చేతులు తుడుచుకుంటూ, మీ అత్తే వద్దంది అన్నాడు. ఆదివారం చర్చి అయ్యాక ఇంటికెళ్లి మాట్లాడాడట. గీతలు లేకుండా ముఖం ఇంకా వెలుగుగా ఉంటుందని ఆవిడే అందట. నాకు వింతగానే అనిపించింది. చలికాలమంతా ఆ గీతల కోసం కళ్లు పోగొట్టుకున్న మనిషి ఒక్క ఆదివారంలో వద్దంటుందా? అడగడానికి అత్త ఇల్లు ఎంత దూరం, నాలుగు వందల అడుగులు. వెళ్లలేదు. సిరా ఆరిపోతుందని ఒకటి, వాడు కాబోయే పాదిరి అని ఒకటి, చిన్నప్పటి నించీ వాడు చెప్పింది చేయడం అలవాటై ఒకటి. రోలరు తీసుకుని పూశాను. వారంలో అచ్చులన్నీ తీసేశాను.

అచ్చులు అయ్యాక రాయిని అరగదీసేస్తాం, మళ్లీ ఎవరూ తీయకుండా. ఆ పని ఉన్న రోజే అత్త సంతకాలు పెట్టడానికి వచ్చింది. ఆగియాక్ అని ఊరి మంత్రసాని, అత్తకి చిన్ననాటి స్నేహితురాలు, ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అత్త వస్తూనే, పాపం మా అమ్మ చాలా బాధపడింది, గడ్డం దగ్గర రాయి పెళుసట, ఆ అయిదూ రాలిపోయాయట, పోనీలే, మిగతా ఆరూ ఉన్నాయిగా అంది. మలాకీ మూల బల్ల దగ్గర ఉలులు సర్దుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

కాగితాలు నాకు ఆనవు, ముందు రాయి తడుముతాను అంది అత్త. రెండు చేతులూ చాపి రాయి మీద పెట్టింది. జడలు తడిమింది, నవ్వింది. నుదురు తడిమింది. ఆగింది. మళ్లీ తడిమింది. కుడి చెంప, ఎడమ చెంప. ఆఖరికి గడ్డం మీద వేలు ఆపి, అటూ ఇటూ మెల్లగా రాసింది. అరవై ఏళ్లు తోళ్లు గీకిన వేళ్లు అవి.

"రాలిన రాయి వేలికి గుచ్చుకుంటుంది" అంది. "ఇది గీకిన తోలులా ఉంది. ఎవరో కూచుని నున్నగా గీకారు."

నేను ఉండబట్టలేక, నువ్వే వద్దన్నావటగా అత్తా అనేశాను. ఆవిడ నా వైపు తిరిగింది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది. నాకో అబద్ధం, ఆవిడకో అబద్ధం చెప్పి, మేమిద్దరం ఒక గదిలో నిలబడి మాట్లాడుకోం అనుకున్నాడు వాడు. ఇద్దరం నమ్మాం కూడా, వెర్రివాళ్లలా.

మలాకీ లేచొచ్చాడు. గొంతు చర్చిలో చదివే గొంతే, మెత్తగా, నిదానంగా. కోప్పడకు అమ్మాయ్ అన్నాడు. వచ్చే నెల పెద్దపాదిరి వస్తాడు, షాపుకి తీసుకొస్తారు, ఈ బొమ్మ కింద నా గుర్తు ఉంటుంది, ఆ గీతలు దేవుణ్ణి ఎరగని రోజులవి, అవి చెక్కిన చేత్తో చర్చిలో ప్రభువు రొట్టె ఎలా పంచుతావని ఆయన అడిగితే నేనేం చెప్పను అన్నాడు. శనివారమంతా ఆలోచించాడట, ప్రార్థన చేశాడట. అత్త వింటూ నిలబడింది. చెయ్యి రాయి మీద నించి తీయలేదు.

"నాతో ముందే చెప్పకపోయావా" అంది. "కాగితం వెనక్కి తీసుకునేదాన్ని."

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు. ముప్ఫై ఏళ్లుగా ఒక్క మాట పడని మనిషి కదా, ఎదురు మాట వచ్చేసరికి తట్టుకోలేకపోయాడు.

"ముఖం నాదే కదా అమ్మాయ్" అన్నాడు. "తిరియాక్‌ని నేనే అని నువ్వేగా అంటావు. నా ముఖానికి ఆ గీతలు వద్దనుకున్నాను, తీసేసుకున్నాను. అమ్మ మాట కాదంటావా?"

నాకు చేతిలో ఉన్న సిరా గిన్నె వాడి ముఖాన కొట్టాలనిపించింది. ఆగియాక్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్త ఏమంటుంది? అమ్మని కాదనకూడదు, కసరకూడదు. ఆ కట్టుబాటుతోనే వాడు ఆవిడ గొంతు పట్టుకున్నాడు.

అత్త వేలు మళ్లీ రాతి గడ్డం మీదికి వెళ్లింది. తరవాత మామూలుగా, దారి అడిగినట్టు అడిగింది.

"అమ్మవైతే చెప్పు. గడ్డం మీద అయిదో గీత ఎవరు కుట్టారు?"

మలాకీ నా వైపు చూశాడు, నాకేదో తెలిసినట్టు. ఎవరో పెద్దావిడ కుట్టి ఉంటుంది అన్నాడు.

"నేను కుట్టాను" అంది అత్త. "నాకు ఎనిమిదేళ్లు. సూది పట్టడం నేర్చుకోమని తన గడ్డమే ఇచ్చింది. చెయ్యి వణికి గీత వంకర పోయింది. నెత్తురు చూసి ఏడ్చాను. తను వేలితో తడుముకుని, నాకున్న వాటన్నిట్లోకీ ఇదే బాగుందే అంది. మా అమ్మయితే తక్కిన పదీ తీసేసినా దాన్ని తీసేది కాదు."

రాయి మీద నించి చెయ్యి తీసి అంగీకి తుడుచుకుంది.

"నువ్వు మలాకీవి" అంది.

ఆగియాక్ భుజం పట్టుకుని వెళ్లిపోయింది. సంతకాలు పెట్టలేదు. మళ్లీ గీయాలన్నా కళ్లు లేవు, కాగితం పొడైపోయింది. ఆ సాయంత్రం రాయిని అరగదీశారు.

ఇప్పుడు నా పాపం. సంతకం లేని అచ్చు దక్షిణాదికి పోదు. ఆ ఏటి బొమ్మల పుస్తకం అప్పటికే అచ్చవుతోంది, దాని అట్ట మీద ఈ ముఖమే. గడ్డమాయన తల పట్టుకున్నాడు. ఆయనకి జరిగింది సగమే తెలుసు, ముసలావిడ ఏదో అలిగిందనుకున్నాడు. సిపోరా, నువ్వు మేనకోడలివి, ఆవిడ అక్షరాలు నీకు వచ్చు, ఆవిడ తరఫున పెట్టేయి, తరవాత నేను మాట్లాడతాను అన్నాడు. నేను రెండు రోజులు కాదన్నాను. మూడో రోజు, పుస్తకం ఆగితే షాపులో అందరి బొమ్మలూ ఆగుతాయని పది మందీ వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. పెన్సిలు తీసుకున్నాను. ఉక్పిక్ అని, చివర అత్త పెట్టే చిన్న వంపుతో సహా, ఒక్కో కాగితం మీదా పెట్టాను. మలాకీ చేసింది వాడి భయంతో చేశాడు. నేను అంతా తెలిసి చేశాను. అత్తకి కనపడదు కదా, ఎవరు చెబుతారులే అనుకున్నాను.

పెద్దపాదిరి వచ్చాడు. షాపుకొచ్చి రెండు నిమిషాలు తిరిగి, చలిగా ఉందని టీ అడిగాడు. ఆ బొమ్మ వైపు కూడా చూడలేదు. మలాకీ చదువుకి వెళ్లి, రెండేళ్లకి తెల్ల అంగీ వేసుకుని తిరిగొచ్చాడు.

అత్త ఇంకో నాలుగేళ్లు బతికింది. ఊరందరితో పాటు ఆదివారం చర్చికి వెళ్లేది. వాడు చెప్పే ప్రార్థనలకి తల వంచేది. కానీ మలాకీ అని పిలిచేది, పుస్తకంలో పేరుతో, దుకాణంవాణ్ణి పిలిచినట్టు. మొదటిసారి అలా పిలిచినప్పుడు వాడు గుమ్మంలో సీల్ పక్కటెముకలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మాంసం తీసుకుంది, కూచోమంది, టీ పోసింది. వాడు ఎన్ని సార్లు వెళ్లినా అంతే. అమ్మాయ్ అని వాడు పిలిస్తే పలికేది కాదు, వినపడనట్టు ఉండేది. ఒకసారి వాడు మా ఇంటికొచ్చి, నువ్వయినా చెప్పవే, ఒక్కసారి అమ్మా అనమను అని ఏడ్చాడు. పాదిరి ఏడుస్తుంటే మా ఆయన లేచి బయటికి పోయాడు. నాకు జాలి కలగలేదు. అనుభవించు అనుకున్నాను.

నాతో మాత్రం మామూలుగానే ఉండేది. మా ఇంటికొచ్చేది, తినేది, మా ఆయన్ని ఏడిపించేది. సంతకాల సంగతి తెలీలేదని నేను నిశ్చింతగా ఉన్నాను. తెలిసినా క్షమించేసిందని కూడా ఒక్కోసారి అనుకునేదాన్ని. ఆగస్టులో మంచం పట్టింది. నేనే తల దువ్వాను, నేనే చారు పట్టాను. అప్పుడు నాకు ఏడో నెల. పదేళ్లు పిల్లలు లేక, లేక లేక నిలిచిన కడుపు. ఆవిడ పక్కన కూచున్నప్పుడల్లా లోపల బిడ్డ తిరిగేది. నేను ఆవిడ చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకునేదాన్ని. ఆవిడ ఉంచేది, ఏమీ అనేది కాదు. ఇంకేం చెప్పాలి అనుకున్నాను. అత్త పోతుంది, నా కడుపున మళ్లీ వస్తుంది, నేను అత్తా అని పిలుచుకుంటాను, తిట్టకుండా పెంచుకుంటాను, నా తప్పు అలా తీరిపోతుంది.

సెప్టెంబరులో పోయింది. మలాకీయే ప్రార్థన చదివి పూడ్చిపెట్టాడు. నవంబరులో నాకు ఆడపిల్ల పుట్టింది. ఆగియాకే పురుడు పోసింది. పిల్లని తుడిచి తోలులో చుట్టి నా చేతికిచ్చింది. నేను దాని చెవిలో పేరు చెప్పడానికి ముఖం దగ్గరికి తీసుకున్నాను. ఆగియాక్ నా నోటి మీద చెయ్యి పెట్టింది.

పోయే ముందు అత్త ఆగియాక్‌తో చెప్పిందట. మనిషి పోతూ తన పేరు ఎవరికి పోవాలో చెబితే అది కాదనే హక్కు ఎవరికీ లేదు. ఆగియాక్‌కి చెప్పడం ఇష్టం లేదు.

"నా పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. మలాకీ ఇంట్లో వద్దు, సిపోరా ఇంట్లో వద్దు అంది" అని చెప్పింది. "నా పేరు రాయడం దానికి వచ్చు, అది చాలు అంది."

ఆ చలికాలమే ఊరి చివర దుకాణం దగ్గరి వాళ్లకి మగపిల్లాడు పుడితే వాడికి ఉక్పిక్ పేరు పెట్టారు. వాళ్లు మాకు ఏ వరసా కారు. వాడు లావుగా, ఎర్రగా, పెద్ద నోరేసుకుని తిరుగుతుంటాడు. దుకాణంలో ఎదురైతే నేను పక్కకి తప్పుకుంటాను. మా పాపకి పాదిరి పుస్తకంలోంచి ఒక పేరు వెతికి పెట్టాం. దానికి ఇప్పుడు ఆరేళ్లు. అల్లరి చేస్తే తిడతాను.